ముగ్గురు అన్నదమ్ముల ఊరికి మా అన్నతో

మా వదిన హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది. జాకెట్లకు కొలతలు తీసే టేపే. ఇంట్లో మిషను కుడుతుంది కాబట్టి చూసినవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. కానీ దాని అసలు పని వేరే. హోటల్‌కి గానీ కల్యాణ మండపానికి గానీ పోతే, మేమింకా కుర్చీలు లాక్కునే లోపే ఆమె బాత్రూమ్ దగ్గరికి వెళ్లి తలుపు వెడల్పు కొలిచి వస్తుంది. అన్న వీల్‌చైర్ వెడల్పు 25 అంగుళాలు. తలుపు 24 ఉందంటే కాఫీ మాత్రం తాగి లేచేస్తాం. 28 ఉందంటే భోజనానికి కూర్చుంటాం. మెనూ కార్డు చూసేది ఆ తర్వాతే.

పోయిన నెలలో ఒక బుధవారం తిరుపతి నుంచి కాణిపాకం వెళ్లొచ్చాం. అన్న, వదిన, అమ్మ, నేను, ఇంటర్ చదివే మా అమ్మాయి. మా ఆవిడకు సెలవు దొరకలేదని అందరికీ చెప్పాం గానీ, నిజానికి కారులో చోటు లేదు. ఆదివారం, సంకష్టహర చతుర్థి వద్దనుకున్నాం. వినాయక చవితి నుంచి 21 రోజులు జరిగే బ్రహ్మోత్సవాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ జనంలో వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషికి కనిపించేది ముందువాళ్ల నడుములే.

అన్న 1973లో పుట్టాడు. రెండో ఏట జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి కాళ్లు పడిపోయాయి. పదిహేనేళ్లప్పుడు తిరుపతి బర్డ్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, కాళ్లకు ఊతంగా కట్టుకునే కాలిపర్లు ఇచ్చారు. వాటితో, చంక కర్రలతోనే డిగ్రీ, బీఈడీ చదివి లెక్కల మాస్టారయ్యాడు. పాతికేళ్లకు పైగా నిలబడే పాఠం చెప్పాడు. నాలుగేళ్ల కిందట భుజాలు మొరాయించాయి. కాళ్లు చేయాల్సిన పని ఇన్నేళ్లూ భుజాలు చేస్తే ఈ వయసుకు అంతే కదా. అప్పటినుంచి వీల్‌చైర్. మన దేశంలో పోలియో లేదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన రోజు పేపర్ చూసి నవ్వాడు. "మాది ఇంక కొత్త అడ్మిషన్లు లేని బడిరా. ఉన్న బ్యాచ్ బయటికి పోతే తాళమే."

కాణిపాకం మాకు కొత్త ఊరు కాదు. చిన్నప్పుడు పాకాల దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. అమ్మ అన్నను చంకనేసుకుని, బస్సులు మారి అక్కడికి తీసుకుపోయేది. అన్నకు ఏడేళ్లు, నాకు నాలుగు. వాడు చంకెక్కి రావాలి, నేను కొంగు పట్టుకుని నడవాలి. నాకూ కాళ్లు పడిపోతే బాగుండు అని ఆ దేవుడికే మొక్కుకున్న రోజు ఉంది. ఈ మాట అన్నకు ఇప్పటికీ చెప్పలేదు. బావి తీర్థం గాజు సీసాలో తెచ్చి, రోజూ పొద్దున్నే అన్న మోకాళ్లకు రాసేది అమ్మ. అది అయిపోతే అరగొండ దగ్గర అర్ధగిరి కొండెక్కి సంజీవరాయ పుష్కరిణి నీళ్లు తెచ్చేది. ఆ నీళ్లు ఎన్నాళ్లున్నా చెడవని మా వైపు గట్టి నమ్మకం.

అన్ని ఊళ్లుండగా కాణిపాకమే ఎందుకంటే, ఆ ఊరి కథ అలాంటిది. పూర్వం అక్కడ ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు, ఒకరికి మాట రాదు. ముగ్గురికీ కలిపి కాణి నేల, అంటే చిన్న మడిచెక్క, ఒక బావి. బావి ఎండిపోతే లోపలికి దిగి తవ్వారు. పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది, బావి నీళ్లన్నీ ఎర్రబడ్డాయి, ముగ్గురి అవిటితనమూ అక్కడికక్కడే పోయింది. ఆ రాయే వరసిద్ధి వినాయకుడు. జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేలంతా పారాయి కాబట్టి కాణిపాకం. ఊరి పక్కనున్న ఏటి కథదీ అదే వరస. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. ఆకలికి తాళలేక మామిడిపండు తెంపుకున్నాడని రాజు లిఖితుడి చేతులు నరికిస్తే, ఏట్లో మునిగి లేచేసరికి మళ్లీ వచ్చాయి. బాహువులిచ్చింది కాబట్టి బాహుదా. చిత్తూరు జిల్లాలో మామిడికాయలు దొంగిలించినందుకు చేతులు తీసేస్తే మా బడిలో ఒక్కడికీ చేతులు మిగలవంటాడు అన్న.

నయం చేసే దేవుడు, నయం చేసే ఏరు. అందుకే అన్నను కాణిపాకం తీసుకుపోతున్నామని తెలిస్తే చాలు, వీధిలో ఎవరో ఒకరు "సామి దయ ఉంటే లేచి నడుస్తాడు చూడండి" అంటారు. 52 ఏళ్ల మనిషిని పట్టుకుని. మంచి మనసుతోనే అంటారు, కాదనను. మేం పోయేది అందుకు కాదంటే మాత్రం "మరెందుకు?" అంటారు. ఊరికే. మీరు పోరా?

అన్న ఈ కథను ఇంకో రకంగా చెప్తాడు. "అందరూ నెత్తురు చిమ్మిన రోజు సంగతే చెప్తారు. దాని ముందురోజు సంగతి ఎవురూ చెప్పరు. ఇద్దరు ఏతాం తొక్కేవాళ్లు, ఒకడు మడికి నీళ్లు కట్టేవాడని కథలోనే ఉంది కదా. చూపు లేనోడు వింటాడు, వినపడనోడు చూస్తాడు. సేద్యం జరగతానే ఉండింది. నీళ్లు లేక ఆగింది గాని, కండ్లు లేక ఆగలేదు."

తిరుమల కూడా మాకు అలవాటే. వృద్ధులకు, దివ్యాంగులకు రోజుకు 1,000 ఉచిత టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. మధ్యాహ్నం 3 గంటలకు తిరుమల నంబి సన్నిధి దగ్గర ఉండాలి. 65 దాటినవాళ్లు ఆధార్, అన్నలాంటివాళ్లు వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చూపించాలి. మంచి ఏర్పాటు. చిక్కు మా ఇంట్లోనే ఉంది. అమ్మ వయసు లెక్కన లోపలికి పోతుంది, అన్న సర్టిఫికెట్ లెక్కన, వదిన తోడు లెక్కన. నేను ఏ లెక్కలోకీ రాను. వాళ్లు గోవిందుణ్ణి చూసి వచ్చేదాకా నేనూ మా అమ్మాయీ సంచులకు కాపలా. అందరం ఒకే వాకిట్లోంచి పోయి ఒకేసారి దండం పెట్టుకోవాలని అమ్మ ఎప్పటినుంచో అంటోంది. ఈసారి కాణిపాకం అనుకున్నది అందుకే.

బయలుదేరే ముందురోజు రాత్రి ఎనిమిది నుంచే అన్న నీళ్లు మానేశాడు. ప్రయాణమంటే ఎప్పుడూ అంతే. ఆయనతో పాటు వదిన కూడా తాగదు. నువ్వెందుకు వదినా మానడం అంటే, "నేను బాత్రూమ్‌కు పోతే ఆయన దగ్గర ఎవరుంటారు?" అంటుంది. నేనున్నాను కదా అంటే నవ్వి ఊరుకుంటుంది. అన్నను కుర్చీలోంచి కమోడ్ మీదికి మార్చడం నాకు రాదు. నేర్చుకోలేదు. ఆ నవ్వు దానికే.

చంద్రగిరి, పాకాల, పూతలపట్టు మీదుగా 70 కిలోమీటర్ల దారి. టిఫిన్‌కు ఒక హోటల్ దగ్గర ఆపాం. పేరెందుకు లెండి. "పెదనాన్నా, ర్యాంప్ ఉంది!" అని మా అమ్మాయి సంబరపడింది. అన్న కారులోంచే ఒక చూపు చూసి, "అది మనకు కాదమ్మా, రాత్రిళ్లు బైకులు లోపల పెట్టుకునేదానికి" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, అక్కడే క్లాసు మొదలుపెట్టాడు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. ఈ అరుగు ఎత్తు రెండడుగులు. ర్యాంప్ ఎంత ఉండాలి? 24, అంది అమ్మాయి. ఎంతుంది? నాలుగు. "అయితే ఇది జారుడుబండ" అన్నాడు.

నేను వినలేదు. తోసేద్దాంలే అని తోశాను. సగం ఎక్కాక చిన్న చక్రం ఇనుప జాలీ సందులో ఇరుక్కుంది. కుర్చీ పక్కకు ఒరిగింది, అన్న చెప్పు జారి కాలవలో పడింది. లోపల దోసెలు తింటున్న ఇద్దరు లారీ డ్రైవర్లు ఎంగిలి చేతులతోనే పరిగెత్తుకొచ్చి, కుర్చీని మనిషితో సహా ఎత్తి పైన పెట్టారు. వాళ్లకు వంద దండాలు. కానీ అలా నలుగురు ఎత్తుతున్నప్పుడు అన్న ఎక్కడో దూరంగా చూస్తుంటాడు, ఆ ముఖం నేను చూడలేను. వదిన లోపలికి పోయి టేపుతో తిరిగొచ్చింది. 22. ఇడ్లీ తిన్నారు, కాఫీ వద్దన్నారు.

గుడి దగ్గర దిగాక మాకు ఒక తంతు ఉంది. ఎప్పుడో ఒక పాత గుడిలో ఒక పెద్దాయన "వీధుల్లో తిరిగిన చక్రాలతో లోపలికా?" అన్నాడు. అప్పటినుంచి ఎవరూ అడగకముందే వదిన తడిగుడ్డ తీస్తుంది. బ్రేకు వదిలి మా అమ్మాయి చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే, వదిన గుడ్డను టైరుకు అదిమి పట్టుకుంటుంది. మట్టి, పేడ, తారు అన్నీ గుడ్డకు అంటుకుని వస్తాయి. పెద్ద చక్రాలు రెండు, చిన్నవి రెండు. "గుడి ముందర అందరూ కాళ్లు కడుక్కుంటారు. నా కాళ్లు కొంచెం గుండ్రంగా ఉంటాయి, అంతే" అన్నాడు అన్న.

నేను కొబ్బరికాయ కొనుక్కుని వచ్చేలోపు ఇంకోటి జరిగింది. నీడలో ఆగి ఉన్న అన్న ఒళ్లో ఎవరో పెద్దావిడ పది రూపాయల నోటు పెట్టి, కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. నోరు తెరిచే లోపే జనంలో కలిసిపోయింది. వదిన ముఖం ఎర్రబడింది. అన్న ఆ నోటును సాపు చేసి జేబులో పెట్టుకుని, "ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించాల్నా?" అన్నాడు. మా అమ్మాయి నవ్వలేదు. తర్వాత దాన్ని హుండీలో వేసింది కూడా ఆ పిల్లే.

క్యూలో ముందున్నవాళ్లు "మీరు ముందు పోండి సామీ" అని పక్కకు జరిగారు. అన్న ఒప్పుకోలేదు. "నేను కూర్చోనుండా. నిలబడుకోనుండేది మీరు. మీరే పోండి." వాళ్లు నవ్వారు. ఆ తర్వాత గర్భగుడి దాకా ఒకటే కబుర్లు, ఏ బడి, ఎంతమంది పిల్లలు, బదిలీలు ఎప్పుడు అని.

స్వామి బావిలోనే ఉంటాడు, చుట్టూ నీళ్లు. ఏటేటా పెరుగుతాడంటారు. ఒకప్పటి వెండి కవచం ఇప్పుడు పట్టదని, బొజ్జ, మోకాళ్లు బయటికి కనిపిస్తున్నాయని చెప్తారు. ముందువాళ్లు తప్పుకునేసరికి అన్నకు ఎదురుగా ఎవరూ లేరు. "ఆయన కాళ్లూ నీళ్లల్లోనే ఉండాయి. నడవలేదేమని ఆయన్ను ఎవురూ అడగరు" అని గొణిగాడు. అమ్మ వీపు మీద ఒకటి వేసింది. ఐదుగురం పక్కపక్కనే ఉన్నాం. ఎంతసేపు, పది క్షణాలు ఉంటుందేమో. అమ్మ మాత్రం దేవుణ్ణి కాక మమ్మల్నే లెక్కపెట్టుకుంటోంది.

బయటికి రాగానే వదిన నన్ను ఆపింది. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అంటే మా వైపు సగం తగాదాలు అక్కడే తెగిపోతాయి. తాగుడు మానతామని ప్రమాణం చేసేవాళ్లూ వస్తుంటారు. "నువ్వూ చెయ్ మరిదీ. మీ అన్నను మార్చడం నేర్చుకుంటానని" అంది నవ్వుతూనే. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఇక్కడ ఊరికే అనకూడదు కదా. చివరికి చెయ్యి చాపక తప్పలేదు.

భోజనం రోడ్డు పక్కన మామిడి తోపులో. చింతపండు పులిహోర, పెరుగన్నం, నంజుకోను ఊరిబిండి. చెట్టు కిందికి మెట్లుండవు. అమ్మ చాప మీద కూర్చుని తీర్థం సీసా మూత తీసింది. అలవాటుగా అన్న ప్యాంటు మడిచేదానికి సిద్ధమయ్యాడు. అమ్మ తన చీర మోకాళ్ల పైకి లాక్కుని, రెండు మోకాళ్లకూ మెల్లగా రాసుకుంది.

"ఏమ్మా, ఇన్నేండ్లు నాకు పూసి, ఇప్పుడు నీకా?"

"నీకెందుకురా? చక్రాలేసుకోని ఊరంతా తిరగతాండావు. నాకు లేసి నిలబడేది కూడా కష్టంగా ఉండాది."

తిరుగు దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర వదిన దిగి పోయి, టేపు చేతిలో ఊపుతూ వచ్చింది. "ముప్పై!" లాటరీ తగిలినట్టు. లోపలికి నేను పోయాను. అన్న చెప్తుంటే చేశాను. బ్రేకులు వెయ్. పాదాల పలక మడిచెయ్. నా మోకాళ్లకు నీ మోకాళ్లు అడ్డం పెట్టు. నడుం వంచొద్దు, కాళ్లు వంచు. అన్న చేతులు నా మెడ చుట్టూ వేశాడు. ఒకటి, రెండు, మూడు. లేపేసరికి ఆ బరువుకు ఇద్దరం తూలి గోడకు ఆనుకున్నాం. "తిప్పరా, డ్యాన్స్ చేస్తాండావా?" అన్నాడు చెవిలో. తిప్పాను. కూర్చున్నాడు. నా చొక్కా మొత్తం తడిసిపోయింది. తలుపు దగ్గరకు వేసి బయట నిలబడితే, వదిన దూరంగా కారుకు ఆనుకుని మా అమ్మాయితో ఏదో మాట్లాడుతోంది. ఇటు చూడను కూడా లేదు.

కారు కదిలాక ఆమె నీళ్ల బాటిల్ తీసి గడగడా మొత్తం తాగేసింది. అరగంటయ్యాక, చంద్రగిరి ఇంకా రాకముందే, వెనక నుంచి నా భుజం తట్టింది.

"ఎక్కడన్నా ఆపు. ఈసారి నాకు."