అడ్రసు చెప్పని చెట్టు

సిడ్నీ వచ్చిన తల్లిదండ్రులందరూ చూసేవన్నీ మేమూ చూశాం. ఆపెరా హౌస్ ముందు ఒక ఫొటో, కటూంబాలో త్రీ సిస్టర్స్ అనే మూడు కొండరాళ్ల ముందు ఇంకో ఫొటో, హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం. వాటి గురించి కొత్తగా రాయడానికేముంది? వొలెమై పైన్ అనే చెట్టు కోసం వెళ్లిన రోజు గురించి మాత్రం రాయాలి. ఆ రోజు మొదట్లో ఒళ్లు మండింది కాబట్టి.

డైనోసార్ల కాలంలో ఈ చెట్టు చుట్టాలు భూమ్మీద ఉండేవట. వాటి శిలాజాలే తప్ప చెట్టు ఎవరికీ తెలియదు. 1994లో డేవిడ్ నోబుల్ అనే నేషనల్ పార్క్ ఉద్యోగి తాడు పట్టుకుని ఒక లోతైన లోయలోకి దిగితే అక్కడ బతికే ఉంది. ఈ కథ చెప్పి అల్లుడు నన్ను ఊరించాడు. తీరా కారు రిచ్‌మండ్ దాటి కురజాంగ్ కొండ ఎక్కుతుంటే చావుకబురు చల్లగా చెప్పాడు.

"ఆ లోయ ఎక్కడుందో ఎవరికీ చెప్పరు అత్తయ్యా. ఎవరైనా దూరితే కేసే. మనం వెళ్తున్నది మౌంట్ టోమా బొటానిక్ గార్డెన్‌కి. అక్కడ నాటినవి ఉన్నాయి."

"నాటినవి చూడ్డానికా ఇంత పెట్రోలు?" అన్నాను. మా అమ్మాయి అద్దంలోంచి నావైపు చూసి ఊరుకోమన్నట్టు కళ్లతోనే సైగ చేసింది. మావారు హాయిగా నిద్రపోతున్నారు.

దారిలో బిల్పిన్. అంతా యాపిల్ తోటలే. యాపిల్ పై తినకుండా ఈ రోడ్డు దాటకూడదట, ఎవరు పెట్టారో ఆ రూలు. రెండు ముక్కలు, రెండు కాఫీలు తీసుకుంటే దాదాపు రెండు వేల రూపాయలు! రూపాయల్లో లెక్కేయొద్దని అమ్మాయి వచ్చిన రోజు నుంచీ మొత్తుకుంటోంది. లెక్కేయకుండా ఎలా తినడం? పై మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. దాల్చిన చెక్క కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుండేది.

టోమా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కారు దిగగానే చలి. గార్డెన్‌కి టికెట్ లేదు, అక్కడ కాస్త మనసు చల్లబడింది. చెట్టు దగ్గరికి వెళ్తే మళ్లీ నీరుగారిపోయాను. క్రిస్మస్‌కి షాపుల్లో పెట్టే చెట్టులాగే ఉంది. దీనికోసమా?

అక్కడ ఒక పెద్దావిడ, నాకంటే పదేళ్లు పెద్దదే అయ్యుంటుంది, వాలంటీరు బ్యాడ్జి పెట్టుకుని నిలబడి ఉంది. నా మొహం చదివేసినట్టుంది. చెయ్యి పట్టుకుని పక్కనున్న ముదురు చెట్టు బెరడు మీద పెట్టించింది. అచ్చం బొరుగుల ఉండ! ముదురు గోధుమరంగులో బుడిపెలు బుడిపెలుగా, వేలితో నొక్కితే మెత్తగా. పైకి చూడమంది. కొమ్మ చివర లేత ఆకులు పచ్చిమామిడి రంగు, వెనకవి నల్లబడిన ఆకుపచ్చ. చలికాలంలో పెరుగుదల ఆగినప్పుడు చిగుళ్ల మీద తెల్లటి మైనం తొడుగు కట్టుకుంటుందట. మొదలు దగ్గర ఒకే వేరు నుంచి కాండాలు గుంపుగా లేచాయి. ఒకటి పడిపోతే ఇంకొకటి లేస్తుంది. అలా ఒకే చెట్టు ఎన్నేళ్లుగా బతుకుతోందో తేల్చడం కష్టమంది.

తర్వాత అసలు విషయం చెప్పింది. అడవిలో మిగిలిన పెద్ద చెట్లు వందలోపే. లోయ పైన యూకలిప్టస్ అడవి ఎండిపోయి తరచూ తగలబడుతుంది. కింద ఇసుకరాతి గోడల మధ్య నీడ, చల్లదనం, పారే నీళ్లు. మంట అంత లోతుకి సాధారణంగా దిగదు, అందుకే ఇన్నాళ్లు నిలిచాయి. చెట్లన్నీ జన్యువుల్లో దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదానికి తగిలిన తెగులు అన్నిటికీ తగలొచ్చు. 2005లో వేరు కుళ్లు తెగులు అక్కడ కనిపించింది. ఎవరి బూటుకో అంటిన మట్టితో వచ్చి ఉంటుందన్న అనుమానం. పరిశోధకులు కూడా బూట్లు మందుతో కడుక్కునే దిగుతారు.

2019-20 కార్చిచ్చు గురించి చెప్తుంటే ఆవిడ గొంతు మారింది. మంట లోయ వైపే వచ్చింది. విమానాలు మంటలార్పే మందు చల్లాయి, హెలికాప్టర్లు నీళ్లు పోశాయి. తాళ్ల మీద మనుషుల్ని దింపి చెట్ల మధ్య నీటి పైపులు పరిచారు. కొన్ని చెట్లు మాడినా గుంపు నిలిచింది. ఇదంతా ఎక్కడ జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ ఊరుకోకుండా అడిగాను, "ఇంచుమించుగా ఏ వైపు?" అని. ఆవిడ నవ్వి, కొండల వైపు చెయ్యి గుండ్రంగా తిప్పింది. ఆ వొలెమై నేషనల్ పార్క్ దాదాపు ఐదు లక్షల హెక్టార్లు!

మాది తిరుపతి. శేషాచలంలో ఎర్రచందనం ఎక్కడుందో మాకందరికీ తెలుసు, నరికేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. దుంగలు పట్టుబడ్డాయన్న వార్త మాకు కాఫీతో పాటు అలవాటే. మన అడవిలో చెట్టుకి ఫారెస్టువాళ్ల కాపలా, ఇక్కడ చెట్టుకి తెలియనితనమే కాపలా. నాకు అడ్రసు చెప్పకపోవడమే మంచిదనిపించింది. అల్లుడితో మాత్రం అనలేదు.

బయటికి వస్తుంటే మొక్కలమ్మే చోట చిన్న కుండీలో వొలెమై కనిపించింది. 2006 నుంచి జనానికి అమ్ముతున్నారట. ఇంట్లోనే దొరికితే ఎవరూ లోయలో దూరరని. ధర చూసి అమ్మాయి వెనక్కి పెట్టేసింది, యాపిల్ పైకీ కాఫీకీ రెండు వేలు పెట్టినమ్మాయే. నేనే పట్టుబట్టి కొనిపించాను. ఇప్పుడు వాళ్ల బాల్కనీలో ఉంది. అల్లుడు రోజూ నీళ్లు పోసేస్తున్నాడు, వేళ్లు కుళ్లుతాయి నాయనా అని వీడియో కాల్‌లో ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోడు.