గోడవార కుక్కవామింట

ఆదివారం. వారం రోజుల ముసురు తర్వాత ఇవాళే కాస్త ఎండ వచ్చింది. చవితి దగ్గర పడుతోంది, ఇల్లు దులపాలి, పెరడు బాగుచెయ్యాలి. టిఫిన్లు అవగానే అత్త కొడవలి చేతికిచ్చింది. "గోడవార కలుపు నడుమెత్తు పెరిగిపోనాది. పురుగూ పుట్రా సేరతాయి, పీకీయమ్మా" అంది.

మా పర్లాకిమిడి ఇంట్లో వానాకాలం వచ్చిందంటే వెనకగోడ పొడవునా కుక్కవామింటే. నాలుగు రేకుల పసుపు పూలు, నిటారుగా నిలబడే సన్నటి కాయలు, ఆవాలు నూరినట్టు ఘాటు వాసన. నాలుగైదు మొక్కలు పీకేసరికి అరచేతులు జిగురైపోయాయి. కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళి చూసుకుంటే చేతినిండా నల్లటి చుక్కలు. మట్టి అనుకున్నాను. ఒకదాన్ని గోటితో గీకి చూస్తే రెక్కలున్నాయి.

ఇక పని సాగలేదు. మామయ్య పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చుకుని, పీకకుండా మిగిలిన మొక్కల దగ్గర పీటేసుకుని కూర్చున్నాను. కాండం మీద ఉన్న నూగులో ప్రతి వెంట్రుక కొసనా ఒక బొట్టు ఉంది. నుసి పురుగొకటి అప్పుడే వాలినట్టుంది, ఒక రెక్క అంటుకుపోయింది. ఒక కాలు ఊడబెరుక్కుని పక్కన పెడితే అక్కడ ఇంకో బొట్టు. ఆ కాలు లాగుతుంటే ఈ కాలు దిగబడుతోంది. కాసేపటికి కదలడం మానేసింది. ఆ కొమ్మ మీదే జానెడు మేర లెక్కపెడితే 17 ఉన్నాయి. కొన్ని అప్పటికే ఎండి డొల్లలైపోయాయి.

మా వాడు తొమ్మిదో తరగతి. వెనక నుంచి వంగి చూసి, "అమ్మా, అయితే ఇదీ పురుగుల్ని తింటాదా?" అన్నాడు. వాడి పుస్తకంలో కీటకాహార మొక్కలంటే నెపెంథిస్, డ్రోసెరా, యుట్రిక్యులేరియా, అంతే. నెపెంథిస్ మన దేశంలో సొంతంగా పెరిగేది మేఘాలయ వైపు, ఒక్క జాతి. అదంటే ఎక్కడో ఉంది. ఇది మన గోడ పక్కనే ఉందే!

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చంపడం వేరు, తినడం వేరు. పురుగు చచ్చినంత మాత్రాన సరిపోదు, దాని ఒంట్లోని నత్రజని మొక్క ఒంటికి చేరాలి. చేరినందువల్ల మొక్క బాగుపడాలి, నాలుగు గింజలు ఎక్కువ కాయాలి. అప్పుడే అది తిన్నట్టు. చార్లెస్ డార్విన్ 1860లో డ్రోసెరాతో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి మాంసం ముక్కలూ గుడ్డు తెల్లసొనా పెట్టి చూసి, 1875లో పుస్తకం వేశాడు. ఆ డ్రోసెరాని నేను ఒక్కసారే చూశాను, చిన్నప్పుడు, మహేంద్రగిరి దారిలో తడి ఇసుకనేల మీద. రూపాయి బిళ్ళంత ఎర్రటి మొక్క, దాని ఆకుల మీద కూడా ఇవే బొట్లు. నాన్న తొక్కొద్దన్నారు. ఆ నేలలో సారం ఏమీ ఉండదు కనక అది పురుగుల మీద ఆధారపడుతుందని చెప్పారు.

మా గోడవార అలా కాదు. గిన్నెలు కడిగిన నీళ్ళు, పేడ, ఎండుటాకులు అన్నీ అక్కడికే పోతాయి. అంత బలమైన నేలలో పెరిగేదానికి పురుగెందుకు? అందుకని మొదట ఇది ఒట్టి కాపలా అనిపించింది, ఆకు కొరకడానికి వచ్చినవాటికి జిగురు పూయడం. టమాటా కూడా అంతే కదా. మేడ మీద పెయింటు డబ్బాల్లో వేసిన టమాటా మొక్కలకి పుల్లలు కట్టి వస్తే వేళ్ళు పచ్చగా, ఆపైన నల్లగా అయిపోతాయి. అది దాని నూగులోని రసమే. లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షశాస్త్ర తోటకి చెందిన మార్క్ ఛేజ్, మరికొందరు 2009లో రాసింది నాకు అందుకే గుర్తుండిపోయింది. టమాటా, బంగాళాదుంప, పెటూనియా లాంటి వాటికి అంటుకుని చచ్చిన పురుగులు రాలి మొక్క మొదట్లో పడతాయి, కుళ్ళి ఎరువవుతాయి, వేళ్ళు దాన్ని లాక్కుంటాయి, కాబట్టి మాంసాహార మొక్కలు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఉండొచ్చని వాళ్ళ మాట. ఆకుతో తినకపోయినా వేరుతో తింటాయన్నమాట. ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. నేలలో పడ్డది ఆ మొక్కకే దక్కుతుందని ఏముంది? పక్కనున్న గరిక లాక్కోదా? అయినా ఆలోచన మాత్రం నన్ను వదలడం లేదు.

ఇదంతా తలచుకుంటూ చూస్తున్నానా, సన్నగా, పొడుగు కాళ్ళతో ఆకుపచ్చ పురుగొకటి ఆ బొట్ల మధ్యలోంచి దర్జాగా నడిచి వచ్చింది. దానికి జిగురు అంటలేదు! చచ్చిపడున్న నుసి పురుగు దగ్గర ఆగి, ముక్కు దించి పీల్చింది. మా వాడూ నేనూ ఊపిరి బిగబట్టి చూశాం. దక్షిణాఫ్రికాలో రోరిడ్యులా అనే మొక్క సంగతి అచ్చం ఇలాంటిదే. అది పురుగుల్ని జిగురుతో పడుతుంది కానీ అరిగించుకోలేదు. దాని మీదే కాపురముండే ఒక జాతి నల్లి వాటిని తింటుంది, ఆ నల్లి రెట్టలోంచి మొక్క తన వాటా తీసుకుంటుంది. కాలిఫోర్నియాలో ఇంకో జిగురు మొక్క మీద చచ్చిన ఈగల్ని కావాలని అంటించి చూశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఆ ఈగల కోసం వేటాడే పురుగులు ఎక్కువగా చేరాయి, అవి మొక్కని కొరికే గొంగళ్ళనీ తిన్నాయి, మొక్కకి కాయలు ఎక్కువ కాశాయి. అక్కడ మొక్క తినలేదు, కాపలావాళ్ళకి భోజనం పెట్టింది. మా గోడ దగ్గర జరుగుతున్నది ఏది? భూతద్దంతో తేలే విషయం కాదు.

మధ్యాహ్నం వంట, బట్టలు, కాస్త కునుకు.

సాయంత్రం మా వాణ్ణి తీసుకుని రైలు కట్ట వైపు నడిచాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అదే నా పుట్టిల్లు. నౌపడ నుంచి గుణుపూర్ పోయే చిన్న బండి ఇటు మీదుగానే నడిచేది, ఇప్పుడు పెద్ద లైను. కట్ట పక్క కంచె మీద తెల్లజుమికి తీగ ఇప్పటికీ అలాగే అల్లుకుని ఉంది. చిన్నప్పుడు ఆ కాయలు పండి నారింజ రంగుకొచ్చాక కోసుకుని, లోపలి గుజ్జు గింజలతో సహా జుర్రుకునేవాళ్ళం. పచ్చివి విషమని అమ్మ తిట్టేది. ప్రతి కాయ చుట్టూ ఒక పచ్చటి వల ఉంటుంది, సన్నటి దారాలతో అల్లినట్టు. ఆ వలని విప్పి పారేసి పండు తినేవాళ్ళం తప్ప ఆ వల ఏమిటని ఎన్నడూ చూడలేదు. ఇవాళ చూశాను. దారాల కొసన బొట్లు, వాటిలో మూడు చీమలు.

ఈ తీగ మీద మన దేశంలోనే పరిశోధన జరిగింది. 1995లో, బెంగళూరులో భారత విజ్ఞాన అకాడమీ అచ్చువేసే పత్రికలో వచ్చింది. ఆ వల మొగ్గనీ కాయనీ కాపాడుతుంది, అంతటితో ఆగదు. ఆ జిగురులో మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైమ్ ఉంది, అరిగినదాన్ని మొక్క పీల్చుకుంటుంది కూడా అని తేల్చారు. కాపలాకి కాపలా, తిండికి తిండి. నలభై ఏళ్ళుగా నా చేతుల్లో నలిగిన తీగ ఇది! మా వాడి పుస్తకంలో దీనికీ ఒక వాక్యం ఉండాలి. నెపెంథిస్ వాడు చూడలేడు, ఇది రోజూ చూస్తాడు.

తిరిగొస్తుంటే చిత్రమూలం కాయలు నా చీర కుచ్చిళ్ళకి అంటుకున్నాయి. అది కూడా జిగురుదే, పైగా వృక్షశాస్త్రం లెక్కన డ్రోసెరాకి, నెపెంథిస్‌కి చుట్టం. దాని వేరు ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే ప్లంబాజిన్ అనే పదార్థం ఆ రెండింట్లోనూ దొరుకుతుంది.

మా వాడికి చివరగా 2021 సంగతి చెప్పాను. ఉత్తర అమెరికా పడమటి వైపు ట్రియాంతా అనే మొక్క ఉంది, మొక్కగా ఎప్పటినుంచో అందరికీ తెలిసిందే, పురుగుల్ని తింటుందని మాత్రం తెలియదు. గుర్తుపట్టగలిగే నత్రజని ఎక్కించిన ఈగల్ని దాని జిగురు పూకాడకి అంటించి, ఆ నత్రజని మొక్కలోకి ఎంత చేరిందో కొలిచారు. సగానికి పైగా పురుగుల నుంచే వస్తోందని తేలింది, గరిష్ఠంగా 64 శాతం. పువ్వు మీదికొచ్చే తేనెటీగల్ని అది పట్టదు, కాడ మీది చిన్నవాటినే పడుతుంది. మా కుక్కవామింట పువ్వు మీదా పొద్దున ఒక తేనెటీగ హాయిగా వాలి లేచిపోవడం నేను చూశాను. ఇలా ఒకరు కూర్చుని కొలిచేదాకా ఏ మొక్కనీ ఉత్త పిచ్చిమొక్క అనడానికి ఇక నాకు నోరు రాదు.

ఇంటికొచ్చేసరికి మిగిలిన కలుపంతా అత్త తనే పీకేసింది. నా పీట ఉన్నచోట రెండు మొక్కలు మాత్రం ఉంచింది. "నువ్ సూసుకుంటన్నావని వగ్గేశాను" అంది. కళ్ళు చెమర్చాయి.

రాత్రి గిన్నెలు కడిగాక టార్చి వేసి చూశాను. పొద్దున లెక్కపెట్టిన 17లో 14 ఉన్నాయి. కొమ్మ సందులో చిన్న సాలీడు, నోట్లో ఒకటి పట్టుకుని ఉంది. గుర్తుకి ఆ కొమ్మకి నల్లదారం కట్టి వచ్చాను.