వేలు తియ్యకూడదని నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది

నిన్న సాయంత్రం జీపీఎస్ ఆపేసి, డ్రోన్ ముక్కు నా వైపు తిప్పి, గాలిలో రెండు నిమిషాలు ఒక్కచోట నిలబెట్టాను. బొటనవేళ్లు ఇంకా లాగుతున్నాయి. వారం ఆగితే పడ్డ కష్టం మరిచిపోయి, తేలికే అని రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నాలుగేళ్లుగా కెమెరా డ్రోన్‌తో వీడియోలు తీస్తున్నాను. పైలట్‌నని నాకు గట్టి నమ్మకం. మూడు నెలల కిందట ఒక కాంక్రీటు మేడ మీద నుంచి డ్రోన్ లేపాను. స్లాబ్ లోపలి ఇనుప కడ్డీల సంగతి అప్పుడు నాకు తట్టలేదు. పది మీటర్లు ఎత్తుకు వెళ్లగానే డ్రోన్ చిన్నగా చుట్లు తిరగడం మొదలుపెట్టింది, చుట్టు చుట్టుకూ వెడల్పు పెరిగింది. తెర మీద కంపాస్ ఎర్రర్ అని వచ్చింది. ఆ వెంటనే మోడ్ పేరు మారిపోయింది. భయం వేసినప్పుడు నాలుగేళ్లుగా ఏం చేస్తున్నానో అదే చేశాను. రిమోట్ మీది రెండు స్టిక్కులూ వదిలేశాను.

డ్రోన్ ఆగలేదు. గాలి ఎటు తోస్తే అటు నిదానంగా జారుకుంటూ పోయి చెట్టులో పడింది. కెమెరాను సమంగా పట్టే గింబల్ విరిగింది. నేను రిమోట్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

జరిగింది ఏమిటో తర్వాత అర్థమైంది. తానెక్కడుందో డ్రోన్‌కి జీపీఎస్ చెబుతుంది. ఎటు తిరిగి ఉందో కంపాస్ చెబుతుంది. కంపాస్ తప్పితే, ఎడమకు జరగాల్సిన డ్రోన్ అదే ఎడమ అనుకుని వేరే వైపు జరుగుతుంది. దాంతో తప్పు ఇంకా పెరుగుతుంది, దాన్ని సరిచెయ్యబోయి మళ్లీ తప్పు వైపే జరుగుతుంది. చుట్లు పెద్దవయ్యేది ఇందుకే. చివరికి డ్రోన్ లోపలి కంట్రోలర్ ఆ లెక్క వదిలేసి యాటిట్యూడ్ మోడ్‌లోకి పోతుంది. అందరూ ఆటి మోడ్ అంటారు దాన్ని. అందులో డ్రోన్ ఒరిగిపోకుండా సమంగా ఉంటుంది, గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఎత్తు కాపాడుతుంది. ఉన్నచోట ఉండటం మాత్రం దాని పని కాదు. సెకనుకు 4 మీటర్ల గాలిలో స్టిక్కు వదిలేస్తే కాసేపటికి అదీ గాలి వేగంతోనే పోతుంటుంది. అంటే పది సెకన్లకు 40 మీటర్లు. కంపాస్ మీద నమ్మకం పోయాక ఇంటికి రప్పించే బటన్ మీద కూడా ఆశ పెట్టుకోకూడదు.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పాలి. డ్రోన్ కొన్న కొత్తలో ఒక శిక్షణ కేంద్రంలో రెండు రోజుల కోర్సు చేశాను. ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా జీపీఎస్ ఆపలేదు. "ఏదైనా అయితే స్టిక్కులు వదిలెయ్యండి సర్, అదే నిలబడుతుంది" అని నేర్పారు. నా వేళ్లలోకి ఆ అలవాటును ఎక్కించింది వాళ్లే. సహాయాలన్నీ పని చేస్తున్నప్పుడు ఎగరెయ్యడం ఎవరికైనా వస్తుంది. అవి పని చెయ్యని రోజు ఏం చెయ్యాలో చెప్పకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టడం మోసం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కోర్సులో చేరే ముందు, జీపీఎస్ లేకుండా ఎన్ని గంటలు ఎగరేయిస్తారని అడగండి. నీళ్లు నమిలితే చేరకండి.

సాధనకు తెలిసినవాళ్ల పాత డ్రోన్, ఫాంటమ్ 4, దొరికింది. దాని రిమోట్‌లో పి, ఎస్, ఎ అని మూడు స్థానాల స్విచ్ ఉంటుంది, ఎ అంటే ఆటి మోడ్. యాప్‌లో మల్టిపుల్ ఫ్లైట్ మోడ్స్ ఆన్ చేస్తేనే అది పని చేస్తుంది. ఈ మధ్య వచ్చే చాలా మడత డ్రోన్లలో ఆ ఎ స్థానమే ఉండదు. కంప్యూటర్‌లో ఉత్తుత్తి డ్రోన్ ఎగరేయించే సిమ్యులేటర్‌కి రిమోట్ కలపడం పది నిమిషాల పని. తోక నా వైపు పెట్టుకుని హోవర్ చెయ్యడం, అంటే గాలిలో ఒక్కచోట నిలబెట్టడం, రెండు రోజుల్లో వచ్చింది. ఇవేవీ కష్టం కాదు.

కష్టం ముక్కు దగ్గర మొదలైంది.

తోక మన వైపు ఉంటే మన కుడే దాని కుడి. ముక్కు మన వైపు తిప్పగానే అన్నీ తిరగబడతాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మనకు ఎడమన కనిపించినట్టే ఇదీ. కాగితం మీద చూస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది, నాకూ అయింది. వేళ్లకు కాలేదు. మైదానంలో మూడు మీటర్ల వలయంగా నాలుగు కోన్‌లు పెట్టి, అందులోంచి బయటికి పోకుండా ఒక్క నిమిషం, ముక్కు నా వైపు, ఆటి మోడ్‌లో నిలబెట్టాలి. పన్నెండు రోజులు నావల్ల కాలేదు. అది కొంచెం కుడికి జారేది, నేను ఎడమకు స్టిక్కు నెట్టేవాణ్ణి, అది ఇంకా వేగంగా కుడికి పోయేది. కంగారులో ఇంకా ఎడమకు నెట్టేవాణ్ణి. అప్పటికి పదిహేను మీటర్ల దూరం. ఇక అక్కడ వేలు తీసేసేవాణ్ణి. ప్రతిసారీ వేలు తీసేసేవాణ్ణి. అదేమో సమంగా నిలబడి, అందుకున్న వేగంతోనే జారుతూ పోయేది.

అక్కడ రోజూ కొంతమంది కుర్రాళ్లు సొంతంగా కట్టుకున్న చిన్న డ్రోన్లు ఎగరేస్తుంటారు. ఐదో రోజు వాళ్లలో ఒకడు నా రిమోట్ అడిగి తీసుకున్నాడు. ముక్కు నా వైపు తిప్పి కోన్‌ల మధ్య నిలబెట్టి, పక్కవాడితో ఏదో మాట్లాడుతూనే నిమిషంన్నర ఉంచాడు. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు వాడికి. తిరిగి ఇస్తూ, "మీరు ఎన్నాళ్ల నుంచి ఎగరేస్తున్నారన్నా?" అని మామూలుగానే అడిగాడు. నాలుగేళ్లని చెప్పాను. వాడేమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ నాలుగేళ్లు నేను ఏం చేసినట్టు? అది తనంతట తాను ఎగురుతుంటే ఎటు పోవాలో చెప్పానంతే.

మరునాడు వెళ్లి వాడినే నేర్పమని అడిగాను. అడగడానికి సిగ్గుపడ్డాను, కానీ అడిగినందుకు ఇవాళ గర్వంగా ఉంది. వాడు మొదట చెప్పినది ఒక్కటే సూత్రం. ముక్కు నీ వైపు ఉన్నప్పుడు, అది ఎటు జారుతుంటే స్టిక్కు అటే నెట్టు. ఒరిగే గోడకు ఊతకర్ర ఎటు పెడతాం, అది పడబోయే వైపే కదా. అది కుడికి జారితే కుడికి. నీ మీదకొస్తుంటే స్టిక్కు నీ వైపు లాక్కో. అది వెనక్కి తగ్గుతుంది. రెండు దిశల్లోనూ ఇదే. పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఈ సూత్రం పని చెయ్యదు, అప్పుడు నువ్వే దానిలో కూర్చున్నట్టు ఊహించుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. "వేలు తియ్యకన్నా. ఆగాలంటే ఎదురు కొట్టాలి." డ్రోన్‌కి బ్రేకులు లేవు. ముందుకు ఒరిగి వేగం అందుకున్నది ఆగాలంటే వెనక్కి ఒరగాలి. జీపీఎస్ ఉన్నప్పుడు మనం స్టిక్కు వదలగానే ఆ వెనక్కి ఒరగడం అదే చేస్తుంది, మనకు తెలియనివ్వదు. లేనప్పుడు ఎంత నెట్టామో దాదాపు అంత ఎదురు ఇచ్చి, ఆగబోయే క్షణంలో మధ్యకు తేవాలి. ఆలస్యమైతే వెనక్కి పోతుంది. నేను బొటనవేళ్ల కొనలతో ఎగరేసేవాణ్ణి. వాడు చూపుడువేలు కూడా కలిపి స్టిక్కును చిటికెతో పట్టుకోమన్నాడు. చిటికెలో ఉన్నదాన్ని కంగారులో వదలడం అంత తేలిక కాదు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

తెర చూడొద్దని కూడా అన్నాడు. గింబల్ కెమెరాను సమంగా ఉంచుతుంది గనుక డ్రోన్ ఎంత ఒరిగినా తెర మీద దిగంతం గీత గీసినట్టే ఉంటుంది. ఒరగడం తెలియాలంటే డ్రోన్‌నే చూడాలి. నాలుగేళ్లూ తెరే చూసినవాడికి తల ఎత్తి ఉంచడం కూడా సాధనే.

ఒకేసారి నూట ఎనభై డిగ్రీలు తిప్పకుండా, నలభై ఐదు చొప్పున తిప్పి ప్రతి దగ్గరా పది సెకన్లు ఆపుతూ వెళ్లాను. పదమూడో రోజు పొద్దున గాలి లేనప్పుడు నలభై సెకన్లు ఉంచాను. ఆ సాయంత్రానికి నిమిషం పూర్తయింది. వాడు చప్పట్లు కొట్టలేదు, "ఇప్పుడు గాలిలో చెయ్యి" అన్నాడు. గాలిలో ఇంకో మూడు వారాలు. గాలి వైపు ఎప్పుడూ కొంచెం ఒరిగించి పట్టుకోవాలి. అది విసురుగా వచ్చి తగ్గుతుంది గనుక చెయ్యీ పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. ఆ మూడు వారాల చివర ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించాడు. చేశాను.

తర్వాత ఆక్రో మోడ్. ఇది ఫాంటమ్‌లో ఉండదు, ఆ కుర్రాళ్లు కట్టుకునే లాంటి డ్రోన్లలో ఉంటుంది. పూర్తి మాన్యువల్ అనేది నిజానికి ఇదే. ఇందులో సమంగా నిలబెట్టే సహాయం కూడా ఉండదు. స్టిక్కు కోణాన్ని చెప్పదు, ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది. వదిలేస్తే ఏ వాలులో ఉందో ఆ వాలులోనే ఉండి నేలలోకి పోతుంది. ఎత్తు పట్టుకునేదీ లేదు. 30 డిగ్రీలు ఒరిగితే పైకి మోసే బలం 13 శాతం తగ్గుతుంది, 45 డిగ్రీలకు 29 శాతం. ఆ లోటు థ్రాటిల్‌తో, అంటే మోటార్ల బలం పెంచే స్టిక్కుతో, మనమే తీర్చాలి. థ్రాటిల్ మధ్యలో పెడితే హోవర్ అన్న లెక్క ఇక్కడ చెల్లదు గనుక, ఆ స్టిక్కు మధ్యకు లాగే స్ప్రింగు తీసేయించాను. ఆ డ్రోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో తిరిగే వేగాలు బాగా తగ్గించి, కెమెరా వాలు తక్కువ పెట్టి, సిమ్యులేటర్‌లో ముప్పై గంటలు పడుతూ లేస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఇది నన్ను అంతగా ఏడిపించలేదు. ఎందుకంటే అప్పటికే వేళ్లు వదలడం మానేశాయి. సిమ్యులేటర్ వదిలి నేరుగా అసలు డ్రోన్ ఎగరేసేవాళ్లను ధైర్యవంతులని మెచ్చుకోవద్దు, కింద మనుషులు ఉంటారు. డ్రోన్ కెమెరా బొమ్మను కళ్ల ముందు చూపించే కళ్లజోడు పెట్టుకుని ఎగరేస్తే పక్కన ఆకాశం చూసే మనిషి తప్పకుండా ఉండాలి. చాలా దేశాల్లో అది నియమం కూడా.

వీడియో గురించి ఒక్క మాట. ఆక్రో డ్రోన్‌లో గింబల్ లేదు. కెమెరాలో స్థిరీకరణ ఆపేసి, షట్టర్ వేగం పెంచి తీసి, తర్వాత కెమెరా నమోదు చేసిన గైరో (అది ఎటు ఎంత తిరిగిందో కొలిచే పరికరం) వివరాలతో గైరోఫ్లో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తున్నాను. షట్టర్ నెమ్మదిగా ఉంటే బొమ్మ నిలకడగానే వస్తుంది, కానీ అలుక్కుపోయినట్టు ఉంటుంది.

నిన్నటి సంగతికి వస్తాను. అదే మేడ దగ్గరికి ఫాంటమ్ తీసుకుని వెళ్లాను. ఈసారి స్లాబ్ మీద నుంచి కాదు, దూరంగా మట్టి నేల మీద నుంచి లేపాను. స్విచ్ ఎ మీద పెట్టాను. ముందు రెండు నిమిషాల హోవర్. ఆ తర్వాత నా డ్రోన్ పడ్డ చెట్టు చుట్టూ, కెమెరా ఆ చెట్టు మీదే ఉంచి, ఒక పూర్తి చుట్టు తిప్పాను. ముప్పై ఎనిమిది సెకన్లు. ఇరవై ఏడో సెకను దగ్గర గాలి విసురుకు బొమ్మ కొద్దిగా పక్కకు జరిగి మళ్లీ చోటికి వస్తుంది. ఆ జరగడం గాలిది. చోటికి తెచ్చింది నా చెయ్యి. రాత్రి దాన్నే పదిసార్లు చూశాను. పొద్దున్నే ఆ కుర్రాడికి పంపాను, ఏమీ కత్తిరించకుండా.