తుప్పు పట్టిన పాత కారు: రేకు పని నాకు నేర్పినవి

పాత కారు కొనేటప్పుడు అందరూ ఇంజిన్ చప్పుడు వింటారు. తక్కువ డబ్బుతో బాగుచేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఫుట్‌మ్యాట్ ఎత్తి చూడాలి. ఇంజిన్‌లో అరిగిన భాగాన్ని మారిస్తే సరిపోతుంది. రేకు పోతే మాత్రం కోయాలి, కొత్త ముక్క కొలిచి వంచాలి, అతకాలి. నా సమయంలో మూడొంతులు దానికే పట్టింది.

మొదట స్క్రూడ్రైవర్ మొనతో ఫ్లోర్, తలుపుల కింది సిల్, చక్రాల పైన వంపులు, జాకీ పెట్టే చోట్లు అన్నీ పొడిచి చూశాను. మంచి రేకు టంగుమంటుంది. పోయిన చోట పైన పెయింటు బాగానే ఉన్నా మొన మెత్తగా దిగిపోతుంది. పెయింటు బుడగలా లేచిందంటే తుప్పు చాలాసార్లు లోపలి నుంచి వచ్చినట్టే, కాబట్టి కనిపించే మచ్చకంటే బాగా ఎక్కువే కోయాల్సి వస్తుందని లెక్క వేసుకోవాలి. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు బిగించే చోట రేకు పోతే ఆ పని అనుభవమున్న వెల్డర్‌కే ఇవ్వాలి. కొత్త చేతికి అది తగదు.

వెల్డింగు మొదలుపెట్టకముందే నీళ్ల దారి వెతకాలి. ముందు అద్దం రబ్బరు బీడింగ్ ఎండి పగిలినా, అద్దం కింద గాలి పీల్చుకునే తొట్టిలో ఆకులు కుళ్లి కంత మూసుకుపోయినా, తలుపు అడుగు కంతలు బురదతో పూడినా లోపల నీళ్లు నిలుస్తాయి. ఒకరు బయట పైపుతో నీళ్లు పడుతుంటే ఇంకొకరు లోపల టార్చి పట్టుకుని చూడాలి. ముందు తలుపు అడుగు, తర్వాత అద్దం, చివరికి కప్పు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి కారేది ఎక్కడో తేలదు. నా కారు డ్రైవరు కాళ్ల దగ్గరి చిల్లుకు కారణం అద్దం మూలలో బీడింగ్‌కు పడిన గోరంత చీలిక. దాన్ని వదిలేసి ఫ్లోర్ అతికితే కొత్త రేకూ అలాగే పోతుంది.

బిగుసుకుపోయిన నట్లను ఒక్క ఊపున లాగితే బోల్టు తెగుతుంది. మరలను వైర్ బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా ఉంచాను. పొద్దున ముందు కాస్త బిగించే వైపు కదిపి, ఆపైన అర చుట్టు వదులు, పావు చుట్టు బిగువు, ఇలా తీశాను. వేడి చేయడం ఆఖరి మార్గం. అదీ పక్కన పెట్రోలు పైపు, బ్రేక్ గొట్టం లేనప్పుడే.

బ్రాకెట్లు, కబ్జాల వంటి చిన్న భాగాల తుప్పు వదిలించడానికి కరెంటు తొట్టి చౌకలో మంచి దారి. ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీళ్లకు మూడు పెద్ద చెంచాల వాషింగ్ సోడా కలిపి, 12 వోల్టుల ఛార్జర్ నెగటివ్ తీగ భాగానికి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప ముక్కకు పెట్టాలి. తీగలు తారుమారైతే మన భాగమే కరిగిపోతుంది. ఆ ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, వాడకూడదు. పైకొచ్చే బుడగల్లో మండే హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, ఛార్జర్ ఆపాకే తీగలు ముట్టుకోవాలి. స్ప్రింగులను ఇందులో వేయొద్దు, హైడ్రోజన్ పట్టి పెళుసెక్కుతాయి.

ఇక కోత. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, కార్పెట్ తీసేశాకే గ్రైండర్ పట్టాలి. 1 మి.మీ. కటింగ్ డిస్కుతో మెరిసే ఇనుము తగిలేదాకా కోశాను. పలచబడ్డ అంచును కాపాడదామనుకుంటే వెల్డింగు వేడికి అది కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది. అట్టముక్కతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం 1 మి.మీ. రేకు కోసి, మూలలు గుండ్రంగా చేశాను. మిగ్ వెల్డింగుకు (తీగ దానంతటదే వచ్చి కరిగి అతికే కరెంటు వెల్డింగు) 0.6 మి.మీ. తీగ తీసుకున్నాను. గీతలా లాగితే రేకు వంకరపోతుంది. ఒక చుక్క ఈ పక్క, ఒకటి ఎదురు పక్క, ఒకే పక్క పడే చుక్కల మధ్య 25 మి.మీ. దూరం, చల్లారాక మధ్యలో ఇంకొకటి. రంధ్రం పడేచోట వెనక రాగి పలక ఆనిస్తే వేడి లాగేస్తుంది. జింకు పూత రేకైతే అతికే చోట పూత గీకేయాలి, దాని పొగ జ్వరం తెప్పిస్తుంది.

సిల్ కోసేముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కమ్మీ తాత్కాలికంగా అతకాలి. లేకపోతే బాడీ కుంగి తలుపు పట్టదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క.

అతుకుకు ఎక్కడెక్కడ చెయ్యి అందితే అక్కడ, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు ఆపే మొదటి పూత), రేకులు కలిసే గీత మీద సీమ్ సీలర్ (సందు మూసే ముద్ద). ఆ తర్వాతే పుట్టీ, అదీ 3 మి.మీ. మించకుండా. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పుట్టీ బరువులో 2 శాతం చాలు. ఎక్కువైతే పైన పెయింటులోంచి మరక తేలుతుంది. నిమిషాల్లో గట్టిపడుతుంది గనుక నిమ్మకాయంత ముద్దే కలుపుకోవాలి. పుట్టీని 80, 180, 320 నంబరు ఎమెరీ పేపర్లతో వరసగా పొడిగానే రుద్దాలి. తడిపితే అది నీళ్లు పీల్చి, లోపల మళ్లీ తుప్పు మొదలవుతుంది.

పెయింటు ఆరాక సిల్‌లోనూ తలుపుల్లోనూ మైనం కొట్టాను. అది కారి అడుగు కంతలను మూసేస్తుంది, మర్నాడు తీగతో ఒక్కొక్కటీ పొడిచి తెరిచాను. తర్వాత ప్రతి తలుపులో ఒక చెంబుడు నీళ్లు పోసి, అన్నీ కిందికి కారాయో లేదో చూశాను.