ఆట మధ్యలో సిస్టమ్ ఆరిపోతోందా? ముందు ఎలా ఆరిందో చూడండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో మేడ మీద గదులున్నవాళ్లకు అది బాగా తెలుసు. పగలంతా కాగిన శ్లాబు, కొండ బండల సెగ కలిసి రాత్రి పదింటికి కూడా గదిని చల్లబడనివ్వవు. ఆ రోజుల్లో ఆట మధ్యలో కంప్యూటర్ ఆరిపోతే అందరి నోటా ఒకటే మాట: "వేడెక్కింది, పేస్ట్ మార్పించు." అంత తొందరగా ఆ మాట అనకండి. (పేస్ట్ అంటే ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసే లేపనం.)

ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు తమ వేగం తామే తగ్గించుకుంటాయి. ఆట తడబడుతుంది, ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) పడిపోతాయి, ఫ్యాన్లు హోరెత్తుతాయి. అప్పటికీ వేడి దిగకపోతేనే ఆరిపోతాయి. అవేమీ లేకుండా ఎవరో స్విచ్ కట్టేసినట్టు టప్పున ఆరిపోతే, ముందు కరెంటు వచ్చే దారిని అనుమానించాలి: గోడ ప్లగ్గు, యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె), గ్రాఫిక్స్ కార్డు వైర్లు.

ఆరిపోయాక పవర్ బటన్ నొక్కి చూడండి. ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, వెనక స్విచ్ ఆపి అర నిమిషం ఆగి వేస్తేనే లేస్తే, ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తానే తాళం వేసుకుందన్నమాట. తెర మాత్రం నల్లబడి లోపల ఫ్యాన్లు తిరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. తర్వాత విండోస్‌లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరవండి. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్నంతవరకే దాని అర్థం. డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే చాలావరకు కరెంటు హఠాత్తుగా తెగినట్టే. వేరే అంకె ఉంటే అది బ్లూ స్క్రీన్ కథ, అంటే విండోసే తప్పు పట్టుకుని ఆగిపోయింది. అప్పుడు బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి చూడాలి.

తర్వాత యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్‌కు మూడు పిన్నుల ప్లగ్గు నేరుగా పెట్టి ఆడండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లే. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, మానిటర్, ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టం కలిపితే ఆ హద్దు దాటే వీలుంది. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ వేసినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, యూపీఎస్ టిక్కుమని బ్యాటరీకి మారుతుంది, అంత బరువు మోయలేక చేతులెత్తేస్తుంది. పగలు బాగా నడిచి రాత్రి మాత్రమే ఆరిపోయే సిస్టమ్‌లో దీన్ని తప్పక చూడాలి.

నేరుగా పెట్టినా ఆరిపోతోందా? వేడిని కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రామ్‌ను సెన్సర్లు మాత్రమే చూపేలా తెరిచి, లాగింగ్ నొక్కి ఆడండి. ఆరిపోయే ముందు చివరి వరసలో ఎంత వేడి ఉందో ఫైల్లో మిగులుతుంది. ఇంటెల్ చిప్‌లు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 5000 వరసలో ఎక్కువవాటికి 90, 7000 వరసలో 95. జనవరిలో గది 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర ఆగిన ప్రాసెసర్, మేలో గది 38 అయితే దాదాపు 88కి చేరుతుంది. కూలర్ చెడిపోలేదు, గది మారింది. అప్పుడు బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకునే కొట్టాలి, లేకపోతే గాలికి అడ్డూ అదుపూ లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది. పేస్ట్ మార్చేటప్పుడు పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత పెడితే చాలు.

లాగ్‌లో వేడి మామూలుగానే ఉంటే మిగిలింది ఎస్‌ఎంపీఎస్. దీనికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. గ్రాఫిక్స్ కార్డును అదుపు చేసే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించండి, ఫ్రేములు 60కి కట్టేయండి. ఆరిపోవడం ఆగితే దొంగ దాదాపు దొరికినట్టే. కార్డుకు గట్టి పని పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్‌లో పది నిమిషాలు నడిచింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవద్దు. అందులో లోడు నిలకడగా ఉంటుంది. ఆటలో గ్రాఫిక్స్ కార్డు మిల్లీ సెకన్ల పాటు తన లెక్కకు మించి గుంజుతుంది, నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పడిపోయేది ఆ క్షణంలోనే.

కొత్తది కొనే ముందు వైర్లు చూడండి. 8 పిన్నుల సాకెట్ ఒక్కోదానికి 150 వాట్లు లెక్క. కార్డుకు రెండు సాకెట్లుంటే, ఒకే తీగకు వేలాడే రెండు మూతుల్ని గుచ్చకుండా రెండు వేరువేరు తీగలు వేయండి.

కొనాల్సి వస్తే డబ్బా మీద పెద్దగా రాసిన అంకెను నమ్మకండి. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఆంపియర్లు చూసి 12తో గుణించండి. "450 వాట్లు" అని రాసి అక్కడ 18 ఆంపియర్లే ఉంటే, ప్రాసెసర్‌కూ కార్డుకూ కలిపి దక్కేది 216 వాట్లే. ఇంట్లోవాళ్లు కూడబెట్టి కొనిచ్చిన కార్డును అలాంటిదానికి తగిలించడం చూస్తే బాధేస్తుంది. 3060కి ఎన్‌విడియా చెప్పేది 550 వాట్లు. ఇంకో మాట, ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్ర కోసం పరీక్షలు చేసేది 23 డిగ్రీల దగ్గర, మన మే నెల గదిలో కాదు. అందుకే ఒక మెట్టు పైది తీసుకోవడం మేలు.

పాత ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీసే మాడ్యులర్ తీగల్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు వాడొద్దు. మూతి సరిపోయినా కంపెనీని బట్టి పిన్నుల వరస మారుతుంది, హార్డ్ డిస్కులు కాలిపోతాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌ను విప్పి బాగుచేసే ప్రయత్నం కూడా చేయకండి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది.