ప్రభుత్వ అప్పు, లోటు చాప్టర్: ఎలా చదవాలి, మార్కులు ఎక్కడ పోతాయి

ముందు పేర్ల గొడవ తేల్చుకోండి. తెలుగు మీడియంలో రాసేవాళ్లకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. పాఠ్యపుస్తకంలో ద్రవ్య విధానం అంటే రిజర్వ్ బ్యాంక్ పని: రెపో రేటు (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ), సీఆర్ఆర్ (బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర ఉంచాల్సిన నగదు వాటా) వగైరా. కోశ విధానం అంటే ప్రభుత్వం పని: పన్నులు, ఖర్చు, అప్పు. దినపత్రికలేమో ఫిస్కల్ డెఫిసిట్‌నే ద్రవ్యలోటు అంటాయి. రెండూ కలిపి చదివినవాళ్లు కోశ విధానం అడిగితే రెపో రేటు రాసి వస్తారు. జవాబులో మొదటిసారే ‘కోశ లోటు, అంటే ఫిస్కల్ డెఫిసిట్’ అని రాసేసి, చివరిదాకా అదే మాట వాడండి.

నిర్వచనాలు బట్టీ పట్టడానికి పెట్టే టైమ్‌లో సగం ‘బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్’ (బడ్జెట్‌తోపాటు వచ్చే అంకెల సారాంశం) మొదటి పేజీకి పెట్టండి. కాగితం మీద మీ చేత్తో తీసివేతలు చేయాలి. మచ్చుకు 2025-26 బడ్జెట్ అంచనాలు తీసుకుందాం. కోశ లోటు, అంటే ఆ ఏడాది ప్రభుత్వం అప్పుతో పూడ్చాల్సిన తేడా, 15,68,936 కోట్లు, జీడీపీలో 4.4 శాతం. అందులోంచి వడ్డీ చెల్లింపులు 12,76,338 కోట్లు తీసేయండి. మిగిలిన 2,92,598 కోట్లే ప్రాథమిక లోటు, 0.8 శాతం. అంటే ఆ ఏడాది కొత్తగా చేసే ప్రతి వంద రూపాయల అప్పుకూ 81 రూపాయలకు సమానమైన మొత్తం పాత అప్పుల వడ్డీకే పోతుంది. అదే వడ్డీని రెవెన్యూ రాబడి 34,20,409 కోట్లతో పోలిస్తే 37 శాతం. ఈ రెండు అంకెలు జవాబులో కనిపిస్తే పేజీడు ఉపోద్ఘాతం అక్కర్లేదు. మీ పరీక్ష ఏడాది అంకెలతో ఇదే లెక్క మళ్లీ చేసుకోండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవం ఈ మూడింట్లో ఏది వాడుతున్నారో పక్కన రాయడం మరవద్దు.

ఇక ‘భావి తరాలపై భారం’ ప్రశ్న. చాలా జవాబులు ‘అప్పు పెరిగితే రేపటి తరం కట్టాలి’ అన్న ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతాయి. అది సగం నిజమే. 2023 నవంబరులో కేంద్రం తొలిసారి 50 ఏళ్ల బాండు అమ్మింది: 10,000 కోట్లు, 7.46 శాతం వడ్డీ, 2073లో అసలు తీర్చాలి. ఆ పది వేల కోట్ల మీద ఏటా 746 కోట్ల వడ్డీ. 2073లో ఆ అసలు తీర్చే పన్నుదారుల్లో ఎక్కువమంది ఇంకా పుట్టనైనా లేదు. అయితే ఆ బాండు చేతిలో ఉండి డబ్బు అందుకునేవాళ్లూ ఆ తరంవాళ్లే, ఎక్కువగా మన బీమా సంస్థలు, భవిష్యనిధుల ద్వారా. మన ప్రభుత్వ అప్పులో అత్యధిక భాగం దేశంలోనే రూపాయల్లో ఉంది. అందుకే 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసిన శ్రీలంకతో మనల్ని నేరుగా పోల్చకండి. ఆ పోలిక జవాబును పలచన చేస్తుంది.

అసలు అడగాల్సింది ఇది: అప్పు తెచ్చిన రూపాయి ఎక్కడికి పోయింది? రోడ్డుకో, రైలు మార్గానికో పోతే రేపటి తరానికి అప్పుతోపాటు ఆస్తి కూడా అందుతుంది. జీతాలకో, వడ్డీకో పోతే బిల్లు మాత్రమే మిగులుతుంది. ఈ తేడాను చూపేది రెవెన్యూ లోటు, అంటే జీతాలు, వడ్డీ లాంటి రెవెన్యూ ఖర్చు రెవెన్యూ రాబడిని మించిన మొత్తం. 2025-26 బడ్జెట్ అంచనాల్లో అది 5,23,846 కోట్లు, అంటే ఆ ఏడాది కొత్త అప్పులో మూడో వంతు. ‘ఇందులో 4,27,192 కోట్లు రాష్ట్రాలకూ ఇతర సంస్థలకూ ఆస్తుల కల్పనకు ఇచ్చే గ్రాంట్లు’ అన్నది కేంద్రం వాదన. అది తీసేస్తే మిగిలేది ఎఫెక్టివ్ రెవెన్యూ డెఫిసిట్, జీడీపీలో 0.3 శాతం. రెండు వైపులా రాయండి. ఎఫ్ఆర్‌బీఎం (కోశ బాధ్యత, బడ్జెట్ నిర్వహణ) చట్టం 2003 పీఠికలోనే తరాల మధ్య సమానత్వం అన్న లక్ష్యం ఉంది. కానీ 2018 సవరణ రెవెన్యూ లోటు లక్ష్యాన్నే తీసేసి, జీడీపీలో కేంద్రం అప్పు 40 శాతం, కేంద్ర రాష్ట్రాలు కలిపి 60 శాతం అన్న పరిమితి పెట్టింది. అప్పు ఎంత అన్నది పట్టుకుని, ఎందుకు అన్నది వదిలేయడం పొరపాటని నా అభిప్రాయం. విమర్శనాత్మకంగా పరిశీలించండి అని అడిగితే ఈ పాయింటే పెట్టండి.

అప్పు నిలకడ లెక్క, అంటే జీడీపీతో పోలిస్తే అప్పు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది, ఒక్కసారి అంకెలతో చేస్తే సూత్రం మరిచిపోరు. జీడీపీ 100, అప్పు 80, వడ్డీ 7 శాతం, ప్రాథమిక లోటు 2 అనుకోండి. ఏడాదికి అప్పు 85.6కు 2 కలిపి 87.6. జీడీపీ 10 శాతం పెరిగి 110 అయితే నిష్పత్తి 79.6కి తగ్గింది. 6 శాతమే పెరిగితే 82.6కి ఎగబాకింది. అప్పు రెండు చోట్లా అంతే, తేడా అంతా వృద్ధిలోనే. ఇక్కడ పెద్ద తప్పొకటి దొర్లుతుంది. వడ్డీ రేటులో ద్రవ్యోల్బణం కలిసే ఉంటుంది, కాబట్టి వృద్ధి రేటు కూడా ద్రవ్యోల్బణం కలిసినదే (నామినల్) తీసుకోవాలి. పేపర్లో చూసిన, ద్రవ్యోల్బణం తీసేసిన వాస్తవ వృద్ధిని ఇక్కడ వాడితే లెక్క తలకిందులవుతుంది.

2026-27 నుంచి కేంద్రం చూపు లోటు నుంచి అప్పు నిష్పత్తికి మళ్లింది: 2031 మార్చి 31 నాటికి జీడీపీలో 50 శాతం, ఒక శాతం అటూ ఇటూ. ఇది కేంద్రం ఒక్కదానిదే. రాష్ట్రాల అప్పు కలిపిన అంకె పక్కన దీన్ని పెట్టి ‘అప్పు తగ్గింది’ అని రాసేవాళ్లున్నారు, జాగ్రత్త.

రాష్ట్రాల అప్పుల ప్రశ్నకు రాజ్యాంగం 293వ అధికరణమే ఆయువుపట్టు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి, అది 293(3). కార్పొరేషన్ల పేరిట తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పులనూ (ఇవే ఆఫ్ బడ్జెట్ అప్పులు) 2022 నుంచి రాష్ట్రాలకు కేంద్రం పెట్టే అప్పు పరిమితిలో కలిపారు. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రప్రదేశ్‌లో స్టేట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన రుణాలు ఉదాహరణలు. పార్టీల పేర్లు వద్దు, గ్యారంటీ ఎవరిది, వడ్డీ ఏ ఖాతాలోంచి పోతోంది అన్నది రాయండి. కేంద్రం కూడా ఇదే చేసిందని చూపడానికి ఆహార సబ్సిడీ ఉంది: ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) చేత చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించే పద్ధతిని 2021 ఫిబ్రవరి బడ్జెట్లో ఆపి, ఆ ఖర్చును లెక్కలోకి తెచ్చారు. కేరళ ఈ అప్పు పరిమితులపై 131వ అధికరణం (కేంద్ర రాష్ట్రాల వివాదాలు నేరుగా సుప్రీంకోర్టుకు) కింద వేసిన దావాను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 1న రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ప్రశ్న 150 మాటలదైతే కేరళ దావా ఒక్క లైన్లో సరిపెట్టండి, 250 మాటలదైతే ఆఫ్ బడ్జెట్ అప్పులకు ప్రత్యేకంగా ఒక పేరా ఇవ్వండి.