అగ్గిపుల్లల లెక్క

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున టిఫిన్ అయ్యాక మావాడు లాప్‌టాప్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడు కదా, ర్యాగింగ్ చేయనని వాడూ, మా అబ్బాయి చేయడని నేనూ హామీపత్రం ఇవ్వాలట. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధన. ఆ ఏడాది మార్చిలోనే హిమాచల్‌లో అమన్ కాచ్రూ అనే 19 ఏళ్ళ మెడికల్ విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. వివరాలు నింపుతూ వాడు మామూలుగా అడిగాడు, "నాన్నా, మీ రోజుల్లో కూడా ఉండేదా?"

ఉండేదన్నాను. ఇంకేం అడుగుతాడోనని టెన్షన్ పడ్డాను గానీ, అడగలేదు.

మధ్యాహ్నం మా రూమ్మేట్ ఫోన్ చేశాడు. డిసెంబరులో బ్యాచ్ అంతా కలుద్దామని. గంటసేపు హాస్టల్ కబుర్లే. మేం చేరింది 1995లో. ఫ్రెషర్స్ పార్టీ అయ్యేదాకా మీసం ఉండకూడదు, బెల్టు పెట్టకూడదు, తలకు నూనె కారుతుండాలి. సీనియర్ ఎదురైతే తలొంచుకుని మన చొక్కా మూడో గుండీనే చూస్తూ నిలబడాలి. అర్ధరాత్రయినా సరే, నడుం వంచి "గుడ్ మార్నింగ్ సార్" అనాలి. పుట్టినరోజంటే బంప్స్. కాళ్ళూ చేతులూ పట్టుకుని ఊపి, వెనక నుంచి తన్నులు. తర్వాత అందరం కలిసి స్టేషన్ దగ్గరికి టీకి నడిచేవాళ్ళం. ఆ టీ అంటే నాకిప్పటికీ ప్రాణం.

"అదే లేకపోతే సీనియర్లతో మనకా చనువు ఎక్కడిదిరా?" అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఈ మాటకి ఊఁ కొడుతూనే ఉన్నాను. ఈ రోజు నోరు రాలేదు. డ్రాయింగ్ క్లాసుకి డ్రాఫ్టర్ కొనలేక తంటాలు పడుతుంటే తనది తెచ్చిచ్చిన సీనియర్ గుర్తొచ్చాడు. ఆయన నన్ను ఒక్కసారి కూడా నిలబెట్టలేదు, కనీసం సార్ అని కూడా పిలిపించుకోలేదు. ఇప్పటికీ ఊరెళ్తే నేను కలిసేది ఆయన్నే. నన్ను రాత్రంతా నిలబెట్టినవాళ్ళలో ఒక్కరి ఫోన్ నంబరూ నా దగ్గర లేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. 1996, మేం సెకండియర్. పల్లెటూరి నుంచి వచ్చిన ఒక జూనియర్‌కి అగ్గిపుల్ల ఇచ్చి గది పొడవు కొలవమన్నాం. మోకాళ్ళ మీద పాక్కుంటూ, పుల్ల చివర బొటనవేలి గోరు ఆనించి, మళ్ళీ పుల్ల జరుపుకుంటూ కొలిచాడు. సగంలో ఎవరో పలకరించి లెక్క తప్పించారు. మళ్ళీ మొదట్నుంచి. మూడోసారికి గచ్చు మీద కన్నీటి చుక్క పడింది. అరచేత్తో తుడిచేసి, పుల్ల కదలకుండా చూసుకున్నాడు. చివరికి లేచి నిలబడి "86 సార్" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. వారం తర్వాత వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె, పరుపు చుట్ట ఆటోలో వేసుకుని వాణ్ణి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడాది, 1997లో, రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఏడిపించినా, అవమానించినా ఆరు నెలల దాకా జైలు. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గచ్చే.

సాయంత్రం మావాడికి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పేరు గుర్తుందా నాన్నా?" అన్నాడు.

గుర్తుంది. ఇంటిపేరు, ఊరు, వాళ్ళ నాన్న పేరు, ఎంసెట్ ర్యాంకు, అన్నీ. రోజూ గుమ్మంలో నిలబెట్టి ఇంట్రో చెప్పించుకున్నది మేమే కదా.

ఇందాక రూమ్మేట్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. ఆ బ్యాచ్ వాళ్ళ నంబర్లు ఎవరి దగ్గరున్నా పంపమన్నాను. ఎందుకురా ఇప్పుడు అన్నాడు. పేరు చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు.

"నేనూ ఉన్నాను కదరా ఆ గదిలో" అన్నాడు.